దుప్పి నోట్లో రెమ్మ

మిల్వాకీ,
సెప్టెంబరు, ఆదివారం

ప్రియమైన ఎర్విన్ అన్నయ్యకు,

నీ కార్డు అందింది. "మంచె బాగుచేశాను. ఎప్పుడొస్తున్నావు?" అని రెండు ముక్కలు, కింద నీ పేరు. ఏడాదికోసారి చెల్లెలికి రాసేవాడివి, ఇంకో నాలుగు మాటలు రాస్తే సిరా అయిపోతుందా? హుల్డా వదిన మోకాలి నొప్పి తగ్గిందా లేదా, ఆ కుంటి ఆవు ఈనిందా లేదా, ఏమీ లేదు. సరేలే, నీ సంగతి నాకు కొత్తా!

నేను వేటకి రావడం లేదు అన్నయ్యా. ఈ ఏడాదే కాదు, ఇంకెప్పుడూ రాను. నాన్న నాకిచ్చిన విల్లుకి నారి విప్పేసి బీరువా వెనక పెట్టాను. నీకు కావాలంటే చెప్పు, గోనెగుడ్డ చుట్టి పంపిస్తాను. హికరీ కర్ర, నాన్న చేతుల మీద నునుపెక్కిన కర్ర, బీరువా వెనక బూజు పట్టడం నాకూ ఇష్టం లేదు.

ఎందుకు రావడం లేదో చెప్తాను. నవ్వావంటే మాత్రం జన్మలో నీతో మాట్లాడను.

ఆ దుప్పి ఇక్కడికి వస్తోంది.

సాయంత్రం బంగాళాదుంపలు చెక్కు తీస్తూ వంటింటి కిటికీలోంచి చూస్తానా, సందులో బొగ్గుల కొట్టు పక్కన నిలబడి ఉంటుంది. ఎడమ కొమ్ము కొస విరిగి ఉంటుంది. అదే, పోయిన ఏడాది నా బాణం తగిలిన దుప్పే. మొదటిసారి చూసినప్పుడు పార్కులోంచి తప్పించుకొచ్చిందేమో అనుకుని, ఆపిల్ తొక్కలు ఒళ్ళో వేసుకుని కిందికి దిగాను. తొక్కలు దాని ముందు పోశాను. వాటి వంక చూసింది కానీ మూతి దించలేదు. మర్నాడు పొద్దున చూస్తే తొక్కలన్నీ అలాగే ఉన్నాయి.

లెస్టర్‌కి చెప్పాను. "రోజూ వస్తోందంటే అద్దెకున్నట్టే. బొగ్గు డబ్బులైనా వసూలు చెయ్యి," అన్నాడు మా ఆయన. తర్వాత నా మొహం చూశాడు. ఆ మర్నాడు బీరు ఫ్యాక్టరీ నుంచి పెందరాళే వచ్చి, ఒక పాత దుప్పటి తెచ్చి కిటికీకి మేకులు కొట్టాడు. మంచివాడు పాపం. కానీ దుప్పటి అడ్డముంటే మాత్రం ఏం లాభం? అది అక్కడ ఉందని నాకు తెలుస్తూనే ఉంటుంది.

నాన్న పద్ధతి నీకు గుర్తుచెయ్యక్కర్లేదు. దుప్పి పడ్డాక, కత్తి తియ్యకముందే, దగ్గర్లో ఉన్న దేవదారు నుంచి చిన్న రెమ్మ తుంచి దాని పళ్ళ మధ్య అడ్డంగా పెట్టేవాడు. టోపీ తీసేవాడు. "ఇది దాని చివరి ముద్ద. పెట్టకపోతే ఆకలితో తిరుగుతుంది. ఎక్కడెక్కడో కాదు, కొట్టినవాళ్ళ వాకిట్లోకే వస్తుంది," అనేవాడు. నువ్వొకసారి రెమ్మకి బదులు సాసేజి ముక్క పెట్టి తన్నులు తిన్నావు. నాన్న కొడుతుంటే కూడా నేను నవ్వాపుకోలేకపోయాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు అన్నయ్యా. దాని చివరి ముద్ద దానికి అందలేదు. అందుకే నా వాకిట్లో నిలబడుతోంది.

ఆ రోజంతా నా కళ్ళ ముందే ఉంది. నాన్న పోయిన తర్వాత మొదటి వేట మనది. ఆఖరి నెలంతా నాన్న దగ్గినప్పుడల్లా బేసిను పట్టుకున్నది నేనే. అడవికొస్తే గుండె తేలికపడుతుందనుకున్నాను. పాత ఆపిల్ చెట్ల దగ్గర మంచె మీద నేను, ఎదురు వాలులో నువ్వు. అది నెమ్మదిగా వచ్చింది. విల్లు లాగినప్పుడు నా చేతులు స్థిరంగానే ఉన్నాయి. కానీ నారి మోగగానే అది ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకేసింది. బాణం గుండెకి వెనకగా దిగింది, పొట్టలో. ఆ చప్పుడు నీకూ వినిపించిందన్నావు.

పొట్టదెబ్బ తగిలిన దుప్పిని వెంటనే తరమకూడదు, తెల్లారేదాకా వదిలెయ్యాలి, అది ఎక్కడో దగ్గర్లోనే పడుకుని పోతుంది. నాన్న మనకి నడక నేర్పినప్పుడే ఇది నేర్పాడు. కానీ పడమట మబ్బు పట్టేసింది. "వానొస్తే జాడంతా కడుక్కుపోతుంది, పద," అన్నావు. మొదటి ఆకు మీద నెత్తురు చూశాను. నాన్న బేసినే కళ్ళ ముందుకొచ్చింది. అక్కడే కూలబడిపోయాను. "నావల్ల కాదు అన్నయ్యా, ఈసారి నువ్వు ముందు నడువు," అన్నాను. చిన్నప్పటి నుంచీ ముందు నడిచేది నేనే కదా! "నువ్వు నేలకి దగ్గరగా ఉంటావు, నీకే బాగా కనిపిస్తుంది, నడువే చిట్టెలుకా," అని నన్ను ముందుకు తోసేవాడివి.

నువ్వు ముందు నడిచావు. "ఇదిగో ఇక్కడ. ఇదిగో, మళ్ళీ ఇక్కడ," అంటూ గుట్టెక్కించావు. గుట్ట మీద ఏమీ లేదు. వాన మొదలైంది.

ఇప్పుడు నిజం చెప్పు. నన్ను బస్సెక్కించాక అది నీకు దొరికిందా? ఎంత యాతన పడి చచ్చిందో నాకు తెలియకూడదని దాచావా? నీ మనసు నాకు తెలుసు, దాచేవాడివే. దాచినా కోప్పడను. దాని నోట్లో రెమ్మ పెట్టావా లేదా, ఆ ఒక్కటి చెప్పు చాలు.

నీ చెల్లెలు,
లియోనా

*

ఊళ్ళో,
ఆదివారం పొద్దున

చిట్టెలుకా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. నీకు తెలుసు. హుల్డా చర్చికి వెళ్ళింది, అందుకని కూర్చున్నాను. ఇది నాలుగో కాగితం. మూడు పొయ్యిలో వేశాను. మోకాలి నొప్పి తగ్గలేదు. కుంటి ఆవు ఈనింది, కోడెదూడ.

దొరకలేదు. రెమ్మ పెట్టలేదు.

నువ్వు వెళ్ళాక ఆ నెలంతా వెతికాను. మంచు పడేదాకా వెతికాను, మంచు కరిగాక మళ్ళీ వెతికాను. గుట్ట అంతా, అవతలి వాలంతా తిరిగాను. కాకులు మూగినచోటల్లా వెళ్ళి చూశాను. హుల్డా అడిగితే కంచె చూడ్డానికని చెప్పాను. అంత కంచె మనకెక్కడుందని ఆవిడ అడగలేదు, అది ఆవిడ గొప్ప.

నీ దగ్గరికే కాదు. ఇక్కడికీ వస్తుంది. పాలు పితికి బయటికొస్తే పాక వెనక ఉప్పు దిమ్మ దగ్గర ఉంటుంది. కుక్క తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది, మొరగదు. ఉప్పు నాకడానికి వచ్చిందనుకున్నాను. నాకదు. ఒకరోజు కోపమొచ్చి, "ఏం కావాలే నీకు?" అని అరిచాను. చేతిలో పాల బకెట్ ఉందని మర్చిపోయాను. పాలన్నీ ఒలికిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. రాస్తాను.

నాకు ఎరుపు కనిపించదు.

కళ్ళు మసక కాదు. దూరంగా ఎగిరే గద్ద రెక్కలో ఈక ఊడితే చెప్పగలను. కానీ ఎరుపూ ఆకుపచ్చా ఎండుటాకు రంగూ నాకు ఒక్కటే. పుట్టినప్పటి నుంచీ అంతే. నెత్తురు చుక్క ఆకు మీద పడితే, నాకది ఆకే.

ఎవరి బాణాలు ఎవరివో తెలిసేలా వాటికి రంగు పట్టీలు చుట్టిన రోజు గుర్తుందా? ఎరుపు నాకు, ఆకుపచ్చ నీకు అని నాన్న చెప్పాడు. నేను తారుమారు చేశాను. "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా గాడిదా?" అని వీపు విమానం మోత మోగించాడు. అప్పటికి నాకూ తెలియదు, నేను మొద్దునేమో అనుకున్నాను. తర్వాత నేవీలో చేరదామని వెళ్తే, డాక్టరు చుక్కల చుక్కల బొమ్మ చూపించి అందులో అంకె చెప్పమన్నాడు. ఏ అంకె? నాకు చుక్కలే కనిపించాయి. అప్పుడు దానికి పేరుందని తెలిసింది. అరికాళ్ళు చదునుగా ఉన్నాయని వద్దన్నారని ఇంటికొచ్చి చెప్పాను. "కాళ్ళూ పనికిరావు, కళ్ళూ పనికిరావు," అన్నాడు నాన్న. ఏమీ తెలియకుండానే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నిన్ను ముందు నడిపించింది అందుకే. నేలకి దగ్గరగా ఉంటావని కాదు. నువ్వు చుక్క చూపిస్తే, నేను గిట్టల గుర్తూ వంగిన గడ్డీ చూసి అది ఎటు తిరిగిందో చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిస్తే ఒక వేటగాడు. పేరు మాత్రం నాకొచ్చింది. ఊళ్ళో ఎవరి దుప్పి తప్పిపోయినా, "ఎర్విన్‌ని పిలవండి, వాడి కన్ను తప్పదు," అనేవాళ్ళు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఎవరు పిలిచినా నడుం పట్టేసిందని చెప్పాను. ఊరంతా నా నడుముకి తైలాలు తెచ్చిచ్చారు. అటకంతా సీసాలే.

పోయిన ఏడాది నువ్వు కూలబడి, నువ్వు ముందు నడువు అన్నావు. జీవితంలో మొదటిసారి అడిగావు. ఆ సమయంలో నాకు కనిపించదని నేనెలా చెప్పను? నాన్న లేడు, ఇక నేనే పెద్దవాణ్ణి అనిపించింది. అందుకని నడిచాను. "ఇదిగో ఇక్కడ" అన్న ప్రతిసారీ అబద్ధమే. నాకు ఒక్క చుక్కా కనిపించలేదు. గుట్టెక్కితే పడి ఉన్నది కనిపిస్తుందేమో అని దేవుడి మీద భారం వేసి ఎక్కించాను.

మంచె బాగుచేశానని రాసింది వేటకి కాదు. నువ్వొచ్చి ముందు నడుస్తావని. ఎముకలైనా దొరికితే దాని నోట్లో రెమ్మ పెడదామని. నువ్వు రానంటున్నావు. సరే. ఈ వారంలో మంచె పీకేస్తాను, అడవిలో మన వేట గుడిసె తలుపులకి మేకులు కొట్టేస్తాను. నాన్న విల్లు నీ దగ్గరే ఉండనీ. నాకు వద్దు.

ఎర్విన్

*

మిల్వాకీ,
బుధవారం

అన్నయ్యా!

ఏం మనిషివయ్యా నువ్వు! ఇన్నేళ్ళు నన్ను లాంతరులా ముందు పట్టుకుని నడిచి, పేరు కొట్టేసి, ఇప్పుడా చెప్పేది? నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. పొయ్యి మీద క్యాబేజీ మాడిపోయింది. లెస్టర్ వచ్చి, "ఎవరు పోయారు?" అన్నాడు. ఉత్తరం చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, "మరి కారు నడిపేటప్పుడు ఎర్ర దీపం దగ్గర ఎలా ఆగుతున్నాడు?" అన్నాడు. ఆయనకి తట్టిన మొదటి సందేహం అదీ!

నాకిప్పుడన్నీ ఒక్కొక్కటే వరస కలుస్తున్నాయి. స్ట్రాబెర్రీలు కొయ్యమంటే బుట్టెడు పచ్చికాయలు కోసుకొచ్చి అమ్మ చేత తిట్లు తినేవాడివి. నా పెళ్ళికి ఒక కాలికి ఆకుపచ్చ మేజోడు, ఒక కాలికి ఎర్ర మేజోడు వేసుకొచ్చావు, తాగి వచ్చావని లెస్టర్ వాళ్ళమ్మ ఇప్పటికీ అంటుంది. ఆవిడతో ఈ రోజే తేల్చుకుంటాను. నాన్న కొట్టిన ప్రతి దెబ్బా ఇప్పుడు గుర్తొస్తోంది. బతికుంటే నిలబెట్టి అడిగేదాన్ని. ఆయనకి ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కదా అన్నయ్యా. చెప్పలేవని నాకూ తెలుసు. అందుకే ఎక్కువ బాధగా ఉంది.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఆ రోజు నేను తల దించుకునే నడిచాను, ఆకుల వైపు చూడకుండా నీ బూట్ల మడమల వైపే చూశాను. కానీ గుట్ట మొదట్లో రెండుగా చీలిన బండ ఉంది కదా, అక్కడ నువ్వు కుడివైపు తిరిగావు. తిరిగేటప్పుడు ఎడమవైపు తెల్లబెరడు చెట్టు మీద, నా మోకాలి ఎత్తులో, ఒక ఎర్రటి మరక కనిపించింది. కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నువ్వు కుడివైపు పైనుంచి, "ఇదిగో ఇక్కడ," అంటున్నావు. ఊరంతా నమ్మే కన్ను నీది. నాకే భ్రమ అనుకున్నాను, ఈమధ్య ఎక్కడ చూసినా ఎరుపే కదా అనుకున్నాను. నీ వెనకే ఎక్కేశాను.

అది గుట్ట ఎక్కలేదు అన్నయ్యా. పొట్టదెబ్బ తిన్నది ఎత్తు ఎక్కదు, నీళ్ళకి దిగుతుంది. చీలిన బండ దగ్గర ఎడమకి తిరుగు. తెల్లబెరడు చెట్టు దాటి కిందికి దిగితే దేవదారుల బురద నేల, దాని నడుమ వాగు. చిన్నప్పుడు నా బూటు ఇరుక్కుపోతే నువ్వు నన్ను బుజానేసుకుని మోసుకొచ్చిన చోటు. అక్కడ వెతుకు. ఎముకలు తెల్లగా ఉంటాయి, తెలుపు నీకు కనిపిస్తుంది కదా!

నేను రాలేను. టికెట్ కొందామని బస్ స్టేషన్ దాకా వెళ్ళి కూడా తిరిగొచ్చేశాను. నా కాళ్ళు రావడం లేదు. అందుకని ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకో. ఇందులో నేను ముందు నడుస్తున్నాను అనుకో. అది దొరికితే రెమ్మ పెట్టు. ముందు టోపీ తియ్యి. మంచె మీద చెయ్యి వేశావంటే చూడు!

నీ చిట్టెలుక,
లియోనా

*

ఊళ్ళో,
శనివారం

చిట్టెలుకా,

వెళ్ళాను. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నాను. హుల్డాకి కంచె అని చెప్పలేదు, నిజమే చెప్పాను. ఎరుపు సంగతి కూడా చెప్పేశాను. "అందుకేనా పండని టమాటాలు కోసుకొస్తావు? నీకు బుద్ధి లేదనుకున్నాను," అంది. తర్వాత నా కోటు గుండీలు తనే పెట్టింది. ఎప్పుడూ పెట్టదు.

చీలిన బండ దగ్గర ఎడమకి తిరిగాను. తెల్లబెరడు చెట్టు ఉంది. మరక లేదు, ఏడాది వానలు పడ్డాయి. కానీ అక్కడినుంచి కిందికి పాత జింకల దారి ఉంది. ఇన్నాళ్ళూ పైవైపే వెతికాను, ఈ దారి చూడలేదు. నువ్వు ముందు నడుస్తున్నట్టే అనుకున్నాను. ఒకచోట, "అటు కాదు అన్నయ్యా," అన్నట్టు కూడా అనిపించింది. మామూలుగా ఐతే ఇలాంటివి రాయను.

దొరికింది.

బురద నేల అంచున, వాగుకి ఇవతలే. పెద్ద దేవదారు వేళ్ళ మధ్య పడుకున్నట్టుగానే ఉంది. ఎడమ కొమ్ము కొస విరిగి ఉంది. నక్కలు కాళ్ళ ఎముకలు కొన్ని లాక్కుపోయాయి గానీ, తల వేళ్ళ మధ్య ఇరుక్కుని కదల్లేదు. బాణం పక్కటెముకల్లో ఉంది. దాని పట్టీ ఏ రంగో నన్నడక్కు. కానీ ఈకలు నీవే, టర్కీ కోడి ఈకలు, కట్టు నువ్వు కట్టే పద్ధతిలోనే ఉంది.

ఇంకో మాట. ఆ చోటు చీలిన బండకి ఎంత దగ్గరంటే, ఆ రోజు మనం గుట్ట ఎక్కుతూ మాట్లాడుకున్న మాటలు దానికి వినిపించే ఉంటాయి. అంటే ఎక్కువ దూరం పరిగెత్తలేదు. దిగి, పడుకుని, పోయింది. మనం తరిమిందీ లేదు, అది యాతన పడి తిరిగిందీ లేదు. నువ్వు ఏడాదిగా ఊహించుకున్నదంతా జరగలేదు. నేను నిన్ను తప్పు దారి పట్టించడం వల్ల ఆ ఒక్క మేలు జరిగిందేమో.

టోపీ తీశాను. దేవదారు రెమ్మ తుంచాను. నోట్లో పెడదామని కూర్చున్నాను.

దాని నోట్లో రెమ్మ ఉంది లియోనా.

పళ్ళ మధ్య అడ్డంగా ఉంది, నాన్న పెట్టినట్టే. చిన్న దేవదారు రెమ్మ. పడుకున్నది చచ్చేముందు పక్కనున్న కొమ్మని కొరికి ఉండొచ్చు. దుప్పులు దేవదారు తింటాయి, అందులో వింతేమీ లేదు. అలాగైతే అది ఏడాది కిందటి రెమ్మ. ఎండి ఉండాలి, గోధుమ రంగులో ఉండాలి. అలా కాకుండా పచ్చగా ఉందంటే, ఈ మధ్యే ఎవరో పెట్టారన్నమాట. ఆ బురదలో నా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

ఎండిందో పచ్చిదో నాకు తెలియలేదు. నా కళ్ళకి రెండూ ఒకటే. వేలితో తాకితే తెలిసిపోతుంది. చెయ్యి చాపాను. తాకలేకపోయాను. భయమేసింది. నా రెమ్మ జేబులో వేసుకుని లేచొచ్చేశాను.

ఏదైనా అది ఆకలితో పోలేదు. ఆ సంగతి ముందు నీకు చెప్పాలని ఇంటికి రాగానే కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం పాక వెనక చూశాను. ఉప్పు దిమ్మ దగ్గర ఏమీ లేదు. కుక్క తల ఎత్తలేదు. నీ కిటికీకి కొట్టిన దుప్పటి లెస్టర్‌ని తియ్యమను, తీసి చూడు.

మంచె మీద చెయ్యి వెయ్యలేదు. విల్లు తేవాలనుకుంటే తీసుకురా, లేకపోతే లేదు, వేట సంగతి తర్వాత. నువ్వు మాత్రం రా. మంచు పడకముందే రా. చీలిన బండ దగ్గర ఎడమకి తిరిగి నువ్వు ముందు నడువు, నేను నీ వెనకే వస్తాను. ఆ రెమ్మ ఏ రంగులో ఉందో చూసి చెప్పు.

నీ అన్నయ్య,
ఎర్విన్